మిగిలిన కేకు ముక్క

1945 అక్టోబరులో ఇంగ్లండులోని ససెక్స్ పల్లెసీమలో ఉన్న బుల్డాగ్స్ బ్యాంక్ అనే ఇంటికి ఆరుగురు పిల్లలు వచ్చారు. ముగ్గురు మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. అందరూ మూడు నాలుగేళ్లవాళ్లే. ఊహ తెలియకముందే కన్నవాళ్లను నాజీలు పొట్టనపెట్టుకున్నారు. నడక, మాట నేర్చుకున్నది టెరెజిన్ నిర్బంధ శిబిరంలో. వచ్చీరాగానే ఇచ్చిన బొమ్మలన్నీ విరగ్గొట్టారు. పెద్దవాళ్లు దగ్గరికొస్తే కొరికారు, ఉమ్మేశారు. కానీ తమలో ఒక్కరు కనబడకపోతే చాలు, మిగతా ఐదుగురికీ కాలు నిలిచేది కాదు.

ఒకరోజు ఒక పిల్లాడు కేకు మళ్లీ కావాలన్నాడు. అయిపోయింది. ఏడుపు లంకించుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు తమ వంతులో మిగిలింది వాడికిచ్చేసి, వాడు తింటుంటే నిమురుతూ కూర్చున్నారు. పిల్లలున్న ఇంట్లో ఆఖరి ముక్క దగ్గర ఏం జరుగుతుందో ఎరిగినవాళ్లకు ఇది చిన్న వింత కాదు.

ఇలాంటి సంగతులన్నీ కూర్చి పిల్లల మనోవిశ్లేషకురాలు అన్నా ఫ్రాయిడ్, ఆ పిల్లల్ని సాకిన సోఫీ డాన్ 1951లో ఒక వ్యాసం అచ్చువేశారు. ఒకే బాధ ఉన్నవాళ్లను కలిపి కూర్చోబెట్టే సామూహిక చికిత్స అప్పటికే ఉంది. 1905లో బోస్టన్ డాక్టరు జోసెఫ్ ప్రాట్ క్షయ రోగులను ఒకచోట కూర్చోబెట్టాడు. 1934లో న్యూయార్కులో శామ్యూల్ స్లావ్‌సన్ పిల్లలకు మొదలుపెట్టాడు. అవి పెద్దలు కూర్చిన గుంపులు. ఇక్కడ గుంపు తనంతట తానే పుట్టింది. దాన్ని విడదీయకుండా ఉండటమే పెద్దలు చేసిన వైద్యం. తల్లీతండ్రీ లేని పిల్లల విషయంలో ఈ విద్యకు పుట్టిల్లు ఆ ఇల్లేనంటాను.

1982లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో బెవర్లీ చాపెల్ డగీ సెంటర్ పెట్టింది, ఇంట్లో చావు చూసిన పిల్లలు కలిసి కూర్చోవడానికి. మెదడులో కణితితో పోయిన డగీ అనే అబ్బాయి పేరది.

తర్వాత ఆఫ్రికా. టాంజానియాలోని మోషీలో, కెన్యాలోని బుంగోమాలో అనాథ పిల్లలకు వారానికోసారి, పన్నెండు వారాలు గుంపు చికిత్స. స్వాహిలీలో దాని పేరు 'పమోజా తునవేజా', అంటే 'కలిస్తే చేయగలం'. నడిపింది సైకాలజిస్టులు కాదు, శిక్షణ పొందిన స్థానికులు. జరిగిన ఘోరాన్ని పిల్లలు ముందు కౌన్సిలర్‌కు విడిగా చెబుతారు. దాన్ని నలుగురి మధ్య పెట్టమని తోయరు. పెంచుతున్న అమ్మమ్మలకు, పిన్నులకు వేరే గుంపు. 640 మంది పిల్లలతో చేసిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. అన్నిచోట్లా ఒకేలా పనిచేయలేదు. ఆ సంగతీ దాచలేదు.

మన దగ్గర? తండ్రి పోతే 'నాన్న ఊరెళ్లాడమ్మా' అని చెప్పి పిల్లను పక్కింటికి పంపేస్తాం. 2021లో కరోనాకు తల్లిదండ్రులిద్దర్నీ పోగొట్టుకున్న పిల్లల పేర ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 10 లక్షల చొప్పున డిపాజిట్ ప్రకటించింది. మంచిదే, కానీ డబ్బొక్కటే చాలదు. హాస్టల్ వార్డెన్లకు నాదొక్కటే మనవి: అలాంటి పిల్లలు మీ దగ్గర ఇద్దరుంటే, వాళ్ల మంచాలు పక్కపక్కన వేయించండి.