అథై రోడ్డులో అంబాసిడరు

కొన్నేళ్ళ కిందట ఒక జూలై ఆదివారం, అథై ఊరు ఇంకా మూడు కిలోమీటర్లుందనగా మా పక్కింటి పెద్దాయన కారు బుస్సుమంటూ ఆగిపోయింది. (ఆ ఊరి పేరు ఇంగ్లీషులో చూసి ఏడాదిపాటు నేను 'ఆతి' అన్నాను. ఒక్క ఐరిష్ వాడూ దిద్దలేదు, మర్యాదస్తులు.) బానెట్ సందుల్లోంచి ఆవిరి. బయట చూస్తే పద్ధెనిమిది డిగ్రీలు. నేను స్వెట్టరు వేసుకుని ఉన్నాను. ఇంత చల్లటి దేశంలో ఇంజను మరగడమేమిటని ఆయనకు దిగులు. నాకేమో, చెప్పడానికి సిగ్గే గాని, లోపల కాస్త సంతోషం. ఆ వాసన నేను పెరిగిన వాసన.

ఆ కారు 1957 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్, మూడో సిరీసు. మనవాళ్ళెవరికి చూపించినా అంబాసిడరనే అంటారు. తప్పేం లేదు. ఇంగ్లండులో ఆ మోడలు 1956లో పుట్టి మూడేళ్ళకే ఆగిపోయింది. కలకత్తా పక్కన ఉత్తరపాడాలో మాత్రం అది అంబాసిడరు పేరుతో 2014 దాకా బతికింది. ఐర్లండు కథ కూడా కొంతవరకు మన కథే. బయటి కార్లమీద సుంకాలు వేసి, విడిభాగాలు తెప్పించి ఇక్కడే కూర్చాలన్నారు. మోరిస్ కార్లను డబ్లిన్‌లో బ్రిటెన్ అనే సంస్థ కూర్చేది.

మా నాన్న తిరుపతిలో అంబాసిడరు టాక్సీ నడిపేవారు. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. కొండెక్కేటప్పుడు కారుకొచ్చే చిక్కేమిటంటే, సెకండ్ గేరులో ఇంజను గిలగిల్లాడుతుంటుంది గాని కారు వేగం లేక ఎదురుగాలి రాదు. వేడి ఎక్కువ, గాలి తక్కువ. మలుపుల దగ్గర బానెట్లు పైకెత్తి నిలబడ్డ కార్లు, నీళ్ళ డబ్బాలు, పెట్రోలు పంపుకు చుట్టిన తడిగుడ్డలు నా చిన్ననాటి దృశ్యాలు. నాన్న కుడి ముంజేతిమీద తెల్లటి మచ్చ ఒకటుంది. వేడిమీద రేడియేటరు మూత తిప్పిన ఫలితం. ఆ మూత లోపలి నీటిని ఒత్తిడిలో ఉంచుతుంది. ఏడు పౌండ్ల మూతైతే నీళ్ళు నూటపదకొండు డిగ్రీల దాకా మరగవు. మూత తీసిన క్షణాన ఒత్తిడి పోయి ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా పొంగుతాయి. "నువ్వు ఈ మసిలోకి రావద్దురా" అని చెప్పి నన్ను కంప్యూటర్లకు పంపింది ఆ చెయ్యే.

మేము ఆగిన రోడ్డు కూడా తక్కువది కాదు. 1903 జూలై 2న గోర్డన్ బెనెట్ కప్పు పందెం ఈ దారినే జరిగింది. బ్రిటన్‌లో మామూలు రోడ్లమీద పందేలు కుదరవు గనక, ప్రత్యేకంగా చట్టం చేయించి పందేన్ని ఐర్లండుకు తెచ్చారు. కిల్‌కలెన్, కార్లో, మొనాస్టెరెవిన్, అథైల మీదుగా రెండు చుట్ల దారి. నాలుగు దేశాలు, పన్నెండు కార్లు, 527 కిలోమీటర్లు. గెలిచినవాడు బెల్జియం వాసి కమీల్ జెనాట్జీ, గంటకు సగటున 79 కిలోమీటర్ల వేగంతో. ఆయన నడపవలసిన తొంభై గుర్రాల మెర్సిడిస్ కార్లు జూన్‌లో కాన్‌స్టాట్ ఫ్యాక్టరీ అగ్నిప్రమాదంలో బూడిదైతే, అరువు తెచ్చిన అరవై గుర్రాల కారుతో గెలిచాడు. 1899లో గంటకు నూరు కిలోమీటర్లు మొదట దాటినవాడూ ఆయనే. అది బ్యాటరీ కారు, దానికి రేడియేటరే లేదు!

ఈ పందెంలో నాకు నచ్చేది గెలుపు కాదు, ఆ కారు ముక్కు. తొలినాళ్ళ కార్లలో నీళ్ళు గొట్టాల్లో తిరిగి ఎలాగో చల్లారేవి. ఇంజను పెద్దదయ్యేకొద్దీ మోయవలసిన నీళ్ళూ పెరిగేవి. విల్‌హెల్మ్ మేబాక్ 1900 చివర్లో తయారైన మెర్సిడిస్ కోసం తేనెపట్టు రేడియేటరు రూపొందించాడు. ఆరు మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070, వాటిలోంచి గాలి, చుట్టూ పలచగా నీళ్ళు. తొమ్మిది లీటర్లతో పని జరిగిపోయింది. వెనక చిన్న ఫ్యాను కూడా పెట్టాడు, నెమ్మదిగా పోయేటప్పటికోసం. ఐర్లండు పందెంలో ఊళ్ళ మధ్య కార్లను నెమ్మదిగా దాటించేవారు. జెనాట్జీ కారుకూ ఈ తేనెపట్టు ముక్కే.

దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టినవాడు హెన్రీ ఫోర్డు. ఆయన తండ్రి 1847లో, కరువు కాలంలో, కార్క్ కౌంటీ బాలినాస్కార్తి నుంచి అమెరికాకు వలసపోయినవాడు. కొడుకు 1917లో కార్క్‌లో కంపెనీ పెట్టి 1919నుంచి ట్రాక్టర్లు చేశాడు. వెళ్ళిపోయినవాళ్ళ పిల్లలు ఫ్యాక్టరీతో తిరిగి రావడం మన కథల్లో తక్కువే. ఆ ఫ్యాక్టరీ 1984లో మూతబడింది. ఫోర్డు మోడల్-టి కార్లలో మొదటి రెండున్నర వేలకే నీళ్ళ పంపుంది. తర్వాత తీసేశాడు. వేడినీళ్ళు తేలిక గనక పైకి పోతాయి, చల్లవి కిందికి దిగుతాయి, పంపెందుకన్నాడు. చవక, చెడిపోదు. అయితే నీటిమట్టం పైగొట్టం కిందికి జారినా, దారిలో బురద పట్టినా ప్రయాణం అక్కడికి సరి. 1950నుంచి డబ్లిన్‌లో కూర్చిన ఫోక్స్‌వాగన్ బీటిల్‌కు ఈ గొడవే లేదు, దాన్ని గాలే చల్లారుస్తుంది.

మా మోరిస్ దగ్గరకొస్తే, పెద్దాయన ఆ వేసవంతా డబ్బు తగలేశారు. థర్మోస్టాటు మార్చారు. మూత మార్చారు. ఒక షాపువాళ్ళు రేడియేటరు లోపలి జల్లెడ మొత్తం కొత్తది వేశారు. అయినా పది కిలోమీటర్లకు ముల్లు ఎర్రగీతకు చేరేది. ఇంకోసారి మరిగితే హెడ్డు వంగిపోతుంది, అంతకుముందే అమ్మేస్తానన్నారు. వాళ్ళ నాన్న కొన్న కారది.

నాన్నతో నా ఫోన్లు ఆదివారం రెండు నిమిషాలు. తిన్నావా, తిన్నాను, ఉంటాను. ఆ ఆదివారం మాత్రం కారు సంగతి చెప్పాను.

"రేడియేటరు పైన వేడిగా ఉండి కింద చల్లగా ఉందా?"

"లేదు నాన్నా, కొత్తదే కదా, నీళ్ళు బానే దిగుతున్నాయి."

"అయితే రేడియేటరు మంచిదేరా. ఇంజను బ్లాకుకు పక్కన, వెనకవైపు, చిన్న కుళాయి ఉంటుంది. పూర్తిగా చల్లారాక విప్పు. ఏమొస్తుందో చెప్పు."

విప్పాం. ఏమీ రాలేదు. ఒక్క చుక్క లేదు. బ్లాకునిండా నీళ్ళుండగా!

"కుళాయి ఊడదీసి ఆ బొక్కలో తీగ పెట్టి కుళ్ళగించు."

గోధుమరంగు గుజ్జు బయటపడింది, నానబెట్టిన చింతపండులాగా. పోత ఇనుము బ్లాకు తుప్పు, దానికి తోడు సున్నం. ఐర్లండు నడిభాగమంతా సున్నపురాయి నేల, మా ఇంట్లో కెటిల్ అడుగున తెల్లటి పెళ్ళ కడుతుంది. తుప్పుపట్టనివ్వని కూలెంటు బదులు ఏళ్ళతరబడి కుళాయి నీళ్ళే పోశారు. ఏడాదిలో పది నెలలు కదలని కారు కావడంతో మడ్డంతా నాలుగో సిలిండరు చుట్టూ పేరుకుంది. రేడియేటరు చల్లబరిచిన నీళ్ళు అక్కడిదాకా పోవడమే లేదు.

"నీళ్ళ రంగేమిటి?" అని నాన్న.

"కాఫీ రంగు."

"తెల్లబడేదాకా కొట్టు."

గొట్టంతో రెండువైపుల నుంచీ నీళ్ళు కొట్టాం. పెద్దాయనకు తెలుగు రాదు, నాన్నకు ఇంగ్లీషు రాదు. ఫోను స్పీకరులో పెట్టాను. "క్లియర్!" అని ఆయన అరిస్తే నాన్న నేను చెప్పకముందే నవ్వారు. నలభై నిమిషాలు మాట్లాడుకున్నామని తర్వాత చూసుకున్నాను.

సెప్టెంబరులో ఆ కారు అథైకి వెళ్ళి, బారో నది వంతెన దాటి, మరగకుండా తిరిగొచ్చింది.

ఒక్క సలహా దగ్గర మాత్రం చిక్కొచ్చింది. "ఆ థర్మోస్టాటు పీకి పారెయ్యి" అన్నారు నాన్న. మన షెడ్లలో చాలామంది మెకానిక్కులు మొదట చేసేది అదే. నీళ్ళు ఎనభై డిగ్రీలకు చేరేదాకా రేడియేటరు దారి మూసి ఉంచే పరికరం మన ఎండల్లో దండగ అనిపించడం సహజమే. ఇక్కడ జనవరిలో అది లేకపోతే ఇంజను వేడెక్కదు, హీటరులో చల్లగాలి వస్తుంది. దాన్ని ఉంచేశాం.

"పారేశావా?" అని నాన్న ఇప్పటికీ అడుగుతుంటారు.

"పారేశాను నాన్నా" అంటాను.