ఒక్క పగలు, మూడు ఊళ్లు

2020 నవంబర్ 28న ప్రధాని నరేంద్ర మోదీ పొద్దున అహ్మదాబాద్ దగ్గరి జైడస్ క్యాడిలా ప్లాంటు చూసుకుని, మధ్యాహ్నానికి హైదరాబాద్ శివారున కౌకూర్ పక్కనున్న హకీంపేట వైమానిక స్థావరంలో దిగారు. అక్కడి నుంచి జీనోమ్ వ్యాలీకి వెళ్లి భారత్ బయోటెక్ శాస్త్రవేత్తలతో మాట్లాడారు. సాయంత్రానికి పుణెలో సీరం ఇన్‌స్టిట్యూట్ చేరుకున్నారు. కరోనా టీకా పని ఎంతవరకు వచ్చిందో కళ్లారా చూడడానికి చేసిన ప్రయాణమది. అందులో వ్యాపారి లేడు, విమానం ప్రభుత్వానిది. అయినా ఒక్క రోజులో మూడు నాలుగు ఊళ్లు చుట్టి రావడానికి కంపెనీలు సొంత జెట్‌లు ఎందుకు కొంటాయో తెలియాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ ఈ చుట్టుపక్కల దొరకదు. మూడు చోట్లా పనికి అందుబాటులో రన్‌వే ఉంది. పని ముగిసేదాకా విమానం కదలకుండా ఉంది. అదే శంషాబాద్‌లో దిగి ఉంటే జీనోమ్ వ్యాలీకి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక్కవైపే అరవై కిలోమీటర్ల పైమాట. రానూపోనూ లెక్కేస్తే ఆ పగటిలో మూడో ఊరికి చోటు మిగలడం కష్టం.

ప్రైవేట్ జెట్ అనగానే తోలు సీట్లు, మెట్ల దగ్గర ఎర్ర తివాచీ గుర్తుకొస్తాయి. దాని పుట్టుకకూ వాటికీ సంబంధం తక్కువ. గాలిలో వేగమే కారణమనుకున్నా లెక్క కుదరదు. హైదరాబాద్ నుంచి ముంబైకి ఎయిర్‌బస్ ఎంత వేగంగా పోతుందో చిన్న జెట్ కూడా ఇంచుమించు అంతే వేగంగా పోతుంది. పోవడం రావడం ఒక్క ఊరికే అయితే మిగిలేది విమానాశ్రయంలో కూర్చునే గంటన్నరో రెండు గంటలో, అంతే. తేడా రెండో ఊరి దగ్గర మొదలై మూడో ఊరి దగ్గర పెరుగుతుంది. విశాఖలో ప్లాంటు, కడపలో గని, నాందేడ్‌లో గిడ్డంగి ఉన్నవాడికి టైంటేబుల్ ప్రకారం నడిచే సర్వీసులు పెద్ద నగరం మీదుగానే దారి చూపిస్తాయి. మధ్యలో కనెక్షన్ తప్పితే రాత్రి హోటల్లోనే. ఆర్టీసీ బస్సుకూ, మాట్లాడుకున్న జీపుకూ ఉన్న తేడాయే ఇది: జీపు బస్సుకన్నా వేగంగా పోదు, కానీ మనం ఆగమన్న చోట ఆగుతుంది. అయితే జీపు ఆగడానికి రోడ్డు పక్కన కాస్త ఖాళీ చాలు, జెట్‌కు రన్‌వే కావాలి. అందుకే ఈ ప్రయాణపు చరిత్ర వెతికేవాళ్లు విమానాల తయారీదారుల దగ్గర ఆగిపోకూడదు, నేల మీది రన్‌వే పట్టీల చరిత్ర తవ్వాలి. జెట్‌కు ఆ విలువ ఇచ్చేది కింది నేలేనని నా వాదన.

అమెరికా అనుభవం ముందు చూద్దాం. వాల్‌మార్ట్ స్థాపకుడు శామ్ వాల్టన్ 1950లలో ఎర్కూప్ అనే చిన్న పాత విమానం కొన్నాడు. అర్కాన్సా చుట్టుపక్కల చిన్న ఊళ్లలో దుకాణాలు చూసుకోవడానికి, కొత్త దుకాణానికి ఏ కూడలి బాగుంటుందో పైనుంచి గమనించడానికి దాన్ని నడిపేవాడు. అది విలాసం మాట దేవుడెరుగు, ఇద్దరు ఇరుక్కుని కూర్చునే బండి. 1957లో లాక్‌హీడ్ జెట్‌స్టార్, 1962లో బ్రిటన్‌లో డీహెచ్ 125, 1963లో ఫ్రాన్స్‌లో డసో వారి ఫాల్కన్ 20, అదే ఏడు అక్టోబర్ 7న విచిటాలో బిల్ లియర్ తయారుచేసిన లియర్‌జెట్ 23 మొదటిసారి ఎగిరాయి. లియర్‌జెట్‌కు స్ఫూర్తి స్విట్జర్లాండ్‌లో మధ్యలో ఆగిపోయిన ఒక యుద్ధవిమానపు డిజైను. 1986లో నెట్‌జెట్స్ ఒక్కో విమానాన్ని వాటాలుగా అమ్మే పద్ధతి తెచ్చింది. ఈ యంత్రాలన్నీ అక్కడ నిలదొక్కుకోవడానికి అసలు ఊతం వేరు. అమెరికాలో జనం వాడుకోదగ్గ విమానాశ్రయాలు దాదాపు 5,000. ఎయిర్‌లైన్స్ దిగేది అందులో పదో వంతు చోట్ల మాత్రమే. మిగతావన్నీ చిన్న విమానాలకే.

తెలుగు నేల మీద కథ ఇంకోలా మొదలైంది. ఇక్కడ పట్టీ ముందు పుట్టింది, దాన్ని పుట్టించింది దొరల అవసరం. 1932 అక్టోబర్‌లో టాటాల తపాలా విమానం కరాచీ నుంచి మద్రాసు పోతూ బళ్లారిలో ఆగింది. తర్వాత ఆ మజిలీ హైదరాబాద్‌కు మారింది. బేగంపేట అప్పుడే పెద్దదైంది. 1930లలో ఏడో నిజాం ఏలుబడిలో వరంగల్ దగ్గర మామునూరులో వేసిన విమానాశ్రయం నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైంది. 1,875 ఎకరాల మైదానమది. ఆజం జాహీ మిల్లుకూ కాగజ్‌నగర్ కాగితం పరిశ్రమకూ వచ్చిపోయే వర్తకుల సౌకర్యం దాని లక్ష్యాల్లో ఒకటి. అంటే ఫ్యాక్టరీ దగ్గర్లో విమానం దిగాలన్న ఆలోచన ఇక్కడ లియర్‌జెట్ కన్నా ముప్పై ఏళ్లు పెద్దది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. డకోటాలు బేగంపేట నుంచి ఒకవైపు బెంగళూరు, మద్రాసులకూ, మరోవైపు నాగ్‌పూర్, భోపాల్, గ్వాలియర్ మీదుగా ఢిల్లీకీ తిరిగాయి.

అదే పట్టీల మీద అంత మర్యాదలేని ప్రయాణమూ సాగింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియావాడు 1939లో కలర్ ఫిల్ము వ్యాపారిగా చెప్పుకుని తన లాక్‌హీడ్ 12 విమానంలో జర్మనీ అంతా తిరిగాడు. ఆ విమానం పొట్టలో దాచిన కెమెరాలతో బ్రిటిష్ గూఢచారి శాఖ కోసం ఫోటోలు తీశాడు. ఊరూరా తిరిగే వ్యాపారి సొంత విమానం అప్పటికే ఎంత మామూలు విషయమంటే, అది గూఢచర్యానికి ముసుగుగా పనికొచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత ఆ మనిషే నిజాం కోసం కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో రాత్రిళ్లు బీదర్, వరంగల్ పట్టీలకు ఆయుధాలు చేరవేశాడు. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చాక అది ముగిసింది. బ్రిటన్‌లో అతనికి పడిన శిక్ష 200 పౌండ్ల జరిమానా. మందలింపు కన్నా పెద్దదేం కాదు.

1953లో ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం వచ్చి డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది కంపెనీలను ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేసింది. దాంతో పెద్ద నగరాలకు సర్వీసులు కొనసాగాయి, చిన్న పట్టీలు మాత్రం అనాథలయ్యాయి. 1981లో వాయుదూత్ పెట్టి వాటికి ప్రాణం పోయాలని చూశారు, నష్టాలతో అది తొంభైల్లో మూతబడింది. ఈ నలభై ఏళ్లలో పట్టీని బతికించినవాళ్లు ఎవరంటే, అవసరం సొంతంగా ఉన్నవాళ్లు. రామగుండం దగ్గర బసంత్‌నగర్‌లో బిర్లాల కేశోరాం సిమెంటు కంపెనీ తన పట్టీ తానే వేసుకుంది. పుట్టపర్తిలో సత్యసాయి ట్రస్టు విమానాశ్రయం 1990లో మొదలైంది, భక్తులైన పారిశ్రామికవేత్తల జెట్‌లు అక్కడ దిగేవి. ఒకచోట సిమెంటు, ఒకచోట భక్తి. కారణాలు వేరైనా సూత్రం ఒకటే: టైంటేబుల్ చేరని చోటికి విమానం రావాలంటే ముందు ఎవరో ఒకరు నేల చదును చేయాలి.

1994లో ఆ పాత చట్టం రద్దయ్యాకే నేటి అర్థంలో కంపెనీ జెట్ తెలుగువాళ్ల చేతికి బాగా వచ్చింది. అప్పటి శ్రీకాకుళం జిల్లా రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్ సంస్థ విమానాశ్రయాలు కట్టడమే కాదు, జీఎంఆర్ ఏవియేషన్ పేరుతో ఫాల్కన్ 2000, హాకర్ 750 జెట్‌లు నడిపింది. విద్యుత్ ప్లాంట్లు, రోడ్లు, విమానాశ్రయాలు నాలుగు దిక్కులా ఉన్నవాళ్లకు అది సహజమే. అక్కడే ఒక తిరకాసు మొదలైంది. 2007లో సొంతానికి దిగుమతి చేసుకునే విమానం మీద ధరలో నాలుగో వంతుకు దగ్గరగా సుంకం పడింది. చార్టర్లు నడిపే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ల విమానాలకు కొన్ని నెలల్లోనే మినహాయింపు దొరికింది. ఫలితంగా దేశమంతటా చాలా జెట్‌లు కాగితం మీద టాక్సీలయ్యాయి. ‘మీ ఛైర్మనే రోజూ ఎక్కుతుంటే ఇది చార్టర్ ఎలా అవుతుంది’ అని కస్టమ్స్ శాఖ ఏళ్ల తరబడి కంపెనీలను ట్రిబ్యునళ్లకు లాగింది. ఇప్పుడు సొంత వాడకపు విమానం మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం. ప్రభుత్వం దృష్టిలో ఇది పొగాకు, పాన్ మసాలా వరుసలోని వస్తువు. ఆ వరుస పూర్తిగా అన్యాయమని అనలేను.

ఎందుకంటే దీని మీద ఉన్న అభ్యంతరాల్లో బలమున్నవి ఉన్నాయి. తలకు లెక్కేస్తే ప్రైవేట్ జెట్ మామూలు విమానం కన్నా 5 నుంచి 14 రెట్లు ఎక్కువ కాలుష్యం చేస్తుందని యూరప్‌లోని ట్రాన్స్‌పోర్ట్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 2021లో లెక్కగట్టింది. దీనికి దాటవేత జవాబు లేదు. కానీ ఆ పొగలో పెద్ద భాగం ఖాళీ సీట్లతో తిరగడం వల్ల వస్తుంది: ఒకరిని దించి, మరొకరిని తేవడానికి ఉత్తి విమానం ఎగరడం. ఆరుగురు ఇంజనీర్లను ఎక్కించుకుని ఒక్క రోజులో నాలుగు ప్లాంట్లు చుట్టి వచ్చే జెట్‌కూ, ఒక్కరిని పెళ్లికి దింపి ఖాళీగా తిరిగొచ్చే జెట్‌కూ ఒకే పన్ను వేయడంలో తెలివి లేదు. పన్ను సీట్ల ఖాళీ మీద పడాలి. వీడియోలో మాట్లాడుకుంటే పోదా అన్నది రెండో ప్రశ్న. కరోనా కాలంలో లోకమంతా వీడియోలోనే బతికింది. అదే కాలంలో టీకా తయారీ చూడడానికి మనిషి మూడు ఊళ్లు తిరిగాడు. 2020 డిసెంబర్‌లో అరవైకి పైగా దేశాల రాయబారులు అదే పని మీద ప్రత్యేక విమానంలో హైదరాబాద్ వచ్చారు. ఫ్యాక్టరీ శుభ్రతను, పనివాళ్ల పనితీరును తెర మీద తనిఖీ చేయడం కుదరదు.

భద్రత మాట మాత్రం తెలుగువాళ్లకు ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. 2002 మార్చిలో లోక్‌సభ స్పీకర్ బాలయోగి కైకలూరు దగ్గర, 2004 ఏప్రిల్‌లో నటి సౌందర్య బెంగళూరు జక్కూరులో, 2009 సెప్టెంబర్‌లో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి నల్లమలలో గగన ప్రమాదాల్లో పోయారు. సౌందర్య కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయల్దేరారు. మూడూ షెడ్యూల్ లేని ప్రయాణాలు, అయితే వాటిలో ఒక్కటీ జెట్ కాదు. రెండు హెలికాప్టర్లు, ఒకటి ఒంటి ఇంజను సెస్నా. పెద్దమనుషులు అలాంటివి ఎక్కేది చాలాసార్లు గమ్యం దగ్గర రన్‌వే లేకనే. రన్‌వే, వాతావరణ సమాచారం, రాత్రి దీపాలు ఉన్న చోట రెండు ఇంజన్ల జెట్‌కు ఉండే రక్షణ పొలంలో దిగే హెలికాప్టర్‌కు ఉండదు. ఈ విషాదాలు కూడా చివరికి నేల గురించే మాట్లాడుతున్నాయి.

మరి హకీంపేట తలుపులు తెరిచేస్తే? మేడ్చల్, శామీర్‌పేట మందుల కంపెనీలకు అది దగ్గరి రన్‌వే కాబట్టి ఆశ పుట్టడం సహజం. కానీ అది ఫైటర్ పైలట్లు చదువుకునే బడి. రోజంతా కుర్రాళ్లు దిగుతూ ఎగురుతూ ఉండే ఆకాశంలో ఎవరి తొందర పని మీద వాళ్లొచ్చే జెట్‌లను కలపడం మంచి ఆలోచన కాదు. బొల్లారం రాష్ట్రపతి నిలయానికి వచ్చే రాష్ట్రపతి కోసం ఏడాదికి ఒకటి రెండుసార్లు సర్దుకోవడం వేరు, రోజూ సర్దుకోవడం వేరు. నేనైతే బేగంపేట వైపు చూస్తాను. 2008 మార్చి 23న శంషాబాద్‌లో సర్వీసులు మొదలయ్యాక అది ఎక్కువగా ప్రముఖుల రాకపోకలకు, సైనిక అవసరాలకు, రెండేళ్లకోసారి జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శనకు పరిమితమైపోయింది. పగటిపూట, పరిమిత సంఖ్యలో, శబ్దం తక్కువ చేసే చిన్న జెట్‌లకు దాన్ని నిలకడైన ధరల పట్టికతో ఇస్తే ఉత్తర హైదరాబాద్ పరిశ్రమకు సగం దూరం తగ్గుతుంది. ఊరి నడుమ చప్పుడన్న అభ్యంతరం నిజమే. అందుకే పగటిపూట అన్నది.

శంషాబాద్ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపల మరో విమానాశ్రయం 25 ఏళ్ల దాకా రాకూడదన్న నిబంధన ఉండేది. మామునూరు ఆ గీత లోపలే ఉంది. జీఎంఆర్ అభ్యంతరం వదులుకున్నాక 2025 ఫిబ్రవరిలో కేంద్రం దాని పునరుద్ధరణకు పచ్చజెండా ఊపింది. ఒకప్పుడు 1,875 ఎకరాలున్న చోట ఇప్పుడు మిగిలింది చాలక, రన్‌వే పొడిగించడానికి రైతుల నుంచి మరో 250 ఎకరాలకు పైగా తీసుకోవాల్సి వచ్చింది. ఆ పొడవు ఎయిర్‌బస్, బోయింగ్‌ల కోసం. చిన్న జెట్‌లకు, ఇరవై సీట్ల విమానాలకు ఉన్న పాత పట్టీనే బాగుచేసుకుంటే సరిపోయేది. రోజుకు ఒకటో రెండో పెద్ద సర్వీసుల కోసం భూమి తీసుకునే ముందు, వరంగల్, బసంత్‌నగర్, ఆదిలాబాద్ పట్టీలను చిన్న విమానాలకు దీపాలు, ఇంధనం, అగ్నిమాపక బండితో ఏడాది పాటు తెరిచి, ఎవరు దిగుతారో లెక్కపెట్టి ఉంటే భూసేకరణ వాదన తేలికయ్యేది, లేదా అవసరమే ఉండేది కాదు.