సరాయి నుంచి మేడమీద గది దాకా

ఇంటికొచ్చిన చుట్టాన్ని "ఎన్నాళ్ళుంటారండీ?" అని అడగలేం. అడిగితే ఏడు తరాలు చెప్పుకుంటారు. డబ్బిచ్చి దిగినవాళ్ళని మాత్రం మొదటే అడిగి తీరాలి. అలా అడగడం మన ఊరికి కొత్తేమీ కాదు.

చార్మినార్ కట్టింది 1591లో. ఆ తరవాతి శతాబ్దంలో, వజ్రాల వ్యాపారంతో ఊరు కళకళలాడుతున్న రోజుల్లో, టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు ఇక్కడికొచ్చాడు. ఊరి ద్వారం దగ్గరికి పరాయివాడొస్తే ఉప్పు, పొగాకు తెస్తున్నాడేమోనని ముందు సోదా చేసేవారని 1676లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. ప్రభువుకి వాటిమీదే పెద్ద రాబడి మరి! లోపలికి వెళ్ళే అనుమతికి ఒక్కోసారి ఒకటి రెండు రోజులు పడిగాపులు తప్పేవి కావట. అలాగని ఊరు నిర్దయది కాదు. వెలుపలి పేటలో మసీదులే పరదేశులకు సరాయిలుగా ఉపయోగపడేవని కూడా ఆయనే చెప్పాడు. మూసీ అవతలి కార్వాన్ పేరులో ఆనాటి బిడారుల సవ్వడి ఇంకా వినబడుతుంది.

ఉత్తరాదిన అక్బరు కొలువులో రాసిన 'ఐనే అక్బరీ' కూడా అంతే. వచ్చేపోయేవాళ్ళ లెక్క రాయాలి, ముక్కూమొహం తెలియనివాళ్ళని విడిగా ఒక సరాయిలో దింపాలి అని కొత్వాలుకి చెప్పింది.

బ్రిటిష్ ఇండియాలో 1867లో సరాయిల చట్టం వచ్చింది. అది నిజాం రాజ్యపు చట్టం కాదుగానీ, చదివితే ఎవరో ఇల్లాలు రాసిందా అనిపిస్తుంది. సరాయి పేరు నమోదు చేయించాలి. గదులూ, కాలవలూ, బావీ శుభ్రంగా ఉంచాలి. కావలివాణ్ణి పెట్టాలి. అద్దె ఎంతో కనబడేలా రాసి తగిలించాలి!

హైదరాబాదుకి 1907లో నాంపల్లి స్టేషను వచ్చింది. రైలు దిగినవాళ్ళు తలదాచుకునేందుకు దగ్గర్లోనే 1919లో, ఏడో నిజాం కాలంలో, సరాయి లేచింది.

ఇక మన రోజులు. పిల్లలు పైదేశాలకు పోయి, పాతబస్తీలో మేడమీద గదులు ఖాళీగా పడున్న ఇళ్ళు లేకపోలేదు. చార్మినార్ చూడవచ్చినవాళ్ళకి నాలుగు రోజులు ఇస్తే, ఆ ఇంటావిడ చేతిలో తనదంటూ నాలుగు డబ్బులు ఆడతాయి. కానీ ఏకై వచ్చి మేకై కూర్చుంటేనో? ఆ భయమే ఆమె చేత గదికి తాళం వేయిస్తుంది.

చట్టానికీ ఈ సంగతి తెలుసు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం, తన కిందికొచ్చే కిరాయిదారుని సరైన కారణం లేకుండా వెళ్ళగొట్టకుండా కాపాడింది. హోటల్లో గదినీ, భోజనవసతి గృహంలో గదినీ మాత్రం తన లెక్కలోంచి తీసేసింది. బాటసారి వేరు, కిరాయిదారు వేరన్నమాట. అయితే కాగితం మీద ఏ పేరు రాసుకున్నా, జరిగిన ఏర్పాటేమిటో చూడాలని 1959లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి 'అతిథి' అని రాసుకుని ఏళ్ళతరబడి ఇల్లప్పగిస్తే ఆ మాట అక్కరకు రాకపోవచ్చు.

యాత్రికులకు ఇంట్లోనే బస ఇచ్చేవాళ్ళ కోసం కేంద్ర పర్యాటక శాఖ పెట్టిన పథకంలో గదులు ఒకటి నుంచి 6 దాకా, మంచాలు 12కి మించకూడదు. ఇంటివాళ్ళు కుటుంబంతో సహా ఆ ఇంట్లోనే ఉండాలన్నది నాకు నచ్చిన షరతు. విదేశీయులు దిగితే ఆ కబురు అధికారులకు అందజేయాలని 2025 నాటి కొత్త చట్టమూ అంటోంది. కొత్వాలు పుస్తకం మూతపడలేదు చూశారూ!

పేరు రాయించుకోవడం అనుమానించడం కాదు. అది ఆయనకీ క్షేమం, మనకీ క్షేమం. వచ్చే రోజూ, వెళ్ళే రోజూ, అద్దే ముందే రాసుకుని, పక్కింటావిడ చెవిన కూడా ఒక మాట వేసి, అప్పుడు ఆ గది తాళం తీయండి. కాఫీ మాత్రం లెక్కలో రాయకండి.