పల్లెకు ఆరోగ్యశ్రీ యెంతవఱకు అక్కఱకు వచ్చినది?



మా మండపేట గోదావరి కాలువల క్రింద వరి పండు సీమ. అట్టిచోటను ఇంటిలో నొకరికి గుండెజబ్బో రాచపుండో వచ్చినచో పంటడబ్బు చాలెడిది కాదు. మొదట నగలు, పిదప పశువులు, తుదకు పొలము చేయి జాఱెడివి.

పదుగురి సొమ్ము కూడబెట్టి రోగిని కాచుట పాతపద్ధతియే. జర్మనీదేశము 1883లో కార్మికుల వద్దను యజమానుల వద్దను చందాలు గైకొని రోగనిధుల నేర్పఱచెను. మన దేశమున 1948లో చేసిన ఉద్యోగుల రాజ్యబీమా చట్టము కర్మాగారముల వారిని కాచినది. చేనికూలికి ఆ నీడ దక్కలేదు.

ఆ కొఱత కొంత తీర్చినది ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న మహబూబునగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలై, ఆ డిసెంబరులోనే తూర్పుగోదావరికి వచ్చి, 2008లో నాటి ఉమ్మడి రాష్ట్రమంతట వ్యాపించెను. మండపేట అప్పుడు ఆ జిల్లాలోనిదే. తెల్లకార్డు గల కుటుంబము చందా కట్టనక్కఱలేదు, ప్రభుత్వమే కట్టెను. తొలుత ఏటికి లక్షన్నర రూపాయల వఱకును, తప్పనిసరియైన మఱి యేబదివేలును చికిత్సకు లభించెడివి. తరువాత పేరును మారినది, పరిమితియు పెరిగినది.

ఇది మేలు చేసినదా యని నన్నడిగినచో, చేసినదనియే చెప్పుదును. నే నెఱిగిన యొక కూలికి గుండెకు శస్త్రచికిత్స జరిగినది. పొలము లేనివాడు, అప్పు చేయకయే యిల్లు చేరెను.

అయినను ఆ యింటనే రెండవ లెక్క యొకటి కలదు. అతని భార్యకు రక్తపుపోటు, మధుమేహము. ఆరోగ్యకేంద్రమున మాత్రలు దొరకని నెలలో కొనక తప్పదు. పరీక్షలకు, బస్సుకు, పోయిన కూలికి లెక్క వ్రాయువారు లేరు. ఈ పథకము ముఖ్యముగా ఆసుపత్రిలో చేర్చుకొని చేయు పెద్దచికిత్సలకై పుట్టినది. దినదినము తినివేయు చిన్నఖర్చు చాలవఱకు దానికి వెలుపలనే నిలిచినది. పెద్ద ఆసుపత్రులు పట్టణములందే హెచ్చు. మండపేటవారికి రాజమహేంద్రవరము, కాకినాడ దగ్గఱయే; మన్యపు గూడెములవారికి అట్లు కాదు. 2012లో ప్రచురితమైన యొక పరిశీలనయు గిరిజనులు దీనిని తక్కువగా వాడుకొన్నారనియే తేల్చినది.

కావున పెద్దలారా, ప్రభుత్వము ఎన్ని కోట్లు చెల్లించెనని మాత్రమే విచారింపకుడు. మీ యూర ఎవరు చికిత్స పొందిరి, ఎవరు పోలేక యింటనే పడియుండిరి, మందులకై ఎవరు అప్పుచేసిరి — ఈ మూడును రచ్చబండకడ కూర్చుండి వ్రాసికొనుడు. పథకము విలువ ఆ చీటీ చెప్పును.