భోపాల్ దావాలో వాది ఎవరు?

భోపాల్ అనగానే మన రచయితలకు 1984 డిసెంబరు 2 నాటి రాత్రి గుర్తొస్తుంది. ఆ తరువాత కోర్టుల్లో నడిచిన చరిత్ర మాత్రం మనకు అంతగా పట్టలేదు. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, న్యాయశాస్త్రం నా విషయం కాదు. అయినా ఆ వ్యాజ్యంలో వాడిన మాటలు నన్ను వదలవు.

1985 మార్చిలో పార్లమెంటు ఒక చట్టం చేసి, బాధితులందరి తరఫునా దావా నడిపే హక్కును కేంద్ర ప్రభుత్వానికి కట్టబెట్టింది. ప్రభుత్వం వారికి తల్లీతండ్రీ అన్న న్యాయసూత్రం దీనికి ఆధారం. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు కూడా ఈ లెక్కన మైనర్లే! ఆ కర్మాగారపు కంపెనీలో అమెరికన్ యూనియన్ కార్బైడ్‌కు 50.9 శాతం వాటా ఉండగా, ఈ ‘తండ్రి’ ఆర్థిక సంస్థలకూ కొన్ని వాటాలుండేవి.

దావా న్యూయార్కు చేరింది. అక్కడ జరిగిన వాదన ఏ ప్రహసనానికీ తీసిపోదు. మా కోర్టులు ఇంత పెద్ద కేసును మోయలేవని భారత ప్రభుత్వం మొరపెట్టుకుంది. అమెరికన్ పండితుడు మార్క్ గలాంటర్ ఆ మేరకు ప్రమాణపత్రమిచ్చాడు. భారతీయ న్యాయస్థానాలు భేషైనవని కార్బైడ్ పొగిడింది. ఆ పక్షాన ప్రమాణపత్రమిచ్చినవాడు మన నానీ పాల్కీవాలా. 1986 మే 12న జడ్జి కీనన్ కేసును భారతదేశానికి తిప్పి పంపాడు. దాన్ని అమెరికాలోనే ఉంచుకుంటే అది మరో సామ్రాజ్యవాదమవుతుందట! ఆ మాటను మనం ఎన్ని వ్యాసాల్లో వాడలేదు? అదే మాట ఒక బహుళజాతి సంస్థ కోరుకున్న తీర్పులో కనిపించింది. మాట ఎవరిదన్నది కాదు, ఎవరికి పనికొచ్చిందో చూడాలని విద్యార్థులకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

1989 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో రాజీ కుదిరింది: 47 కోట్ల డాలర్లు. బాధితుల్ని అడిగినవారు లేరు. క్రిమినల్ కేసులు కూడా రద్దయ్యాయి. నిరసనలు రేగి, 1991లో వాటిని పునరుద్ధరించవలసి వచ్చింది. కంపెనీ అధిపతి వారెన్ ఆండర్సన్ 1984 డిసెంబరు 7న భోపాల్‌లో అరెస్టయి, ఆ రోజే బెయిలు మీద బయటపడి దేశం దాటాడు. 1992లో భోపాల్ కోర్టు అతన్ని పరారీలో ఉన్నవాడిగా ప్రకటించింది. అప్పగించమని మనవాళ్లు 2003లో గాని అడగలేదు. మరుసటి ఏడు అమెరికా కాదంది. 2014లో అతను అక్కడే చనిపోయాడు.

2010 జూన్‌లో ఇక్కడి అధికారులకు పడిన శిక్ష రెండేళ్లు. అదే ఏడాది, అదనపు పరిహారం ఇప్పించమని సుప్రీంకోర్టులో మరో పిటిషను పడింది. 2023 మార్చి 14న దాన్ని కొట్టేశారు. ఆ పిటిషను వేసింది కూడా కేంద్ర ప్రభుత్వమే.