నూనె చుక్క నుంచి రబ్బరు బంతి దాకా

1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైన మదురై నాయక పాలన కాలంలోనూ, అంతకు ముందూ దక్షిణానికి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలవారు మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళం చదువుకుంటూ వచ్చారు. వాళ్ల శిశుపోషణకు రాతలో ఆధారం వెతికితే దొరికేది తక్కువ. కర్నల్ మెకంజీ పోగుచేయించిన పాళెగాండ్ర వంశావళుల్లో దండయాత్రలుంటాయి, మాన్యాలుంటాయి. చంటిబిడ్డ ముక్కుదిబ్బడ గురించి రాయాలని ఏ కరణానికి తోస్తుంది? అది ఆడవాళ్ల చేతి విద్య. చాపిన కాళ్లమీద బిడ్డను పడుకోబెట్టి నీళ్లుపోశాక ముక్కులో నూనె చుక్క వేయడం, గట్టిగా ఊదడం, చీమిడి అడ్డుపడితే నోటితో పీల్చి ఉమ్మేయడం. ఇది తెలుగువాళ్ల సొంత ఆచారమనలేం, పక్కింటి తమిళ పాట్టి (అవ్వ) చేసేదీ ఇదే.

ఈ మూడింటిలో నిలుపుకోదగ్గది పీల్చడం ఒక్కటే. తొలి నెలల్లో బిడ్డ ఎక్కువగా ముక్కుతోనే గాలి పీలుస్తుంది కాబట్టి దిబ్బడేస్తే పాలు తాగలేదు. పెద్దల ఆత్రం సబబే. కానీ నూనె దగ్గు తెప్పించకుండానే ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ముక్కులో వేసిన నూనెతో వచ్చే న్యుమోనియాను 1925లోనే లాఫ్లెన్ అనే వైద్యుడు వర్ణించాడు. దక్షిణ భారత శిశువుల్లో ఈ జబ్బు గురించి 1973లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. 'తరతరాలుగా వేశాం, బిడ్డలు బతకలేదా?' అంటారు. బతికినవాళ్లే కదా ఆ మాట చెప్పగలిగేది! పక్కలెగరేసి పోయిన బిడ్డ విషయంలో నూనెను అనుమానించిందెవరు? ఆచారం వదిలితే మన గుర్తింపు పోతుందన్న బెంగా అక్కర్లేదు. కోయంబత్తూరులో మిల్లు పెట్టిన కుప్పుస్వామి నాయుడి పేరిట 1952లో ఆసుపత్రి వెలిసింది. దానివల్ల అక్కడివాళ్ల తెలుగుతనం తగ్గిపోలేదు.

ఇక చీమిడి లాగే రబ్బరు బంతి. దాన్ని బయటే నొక్కిపట్టి, కొనను ముక్కు అంచున ఆనించి, అప్పుడు మెల్లగా వదలాలి. ముక్కులో పెట్టాక నొక్కితే పాత ఊదుడే మళ్లీ మొదలైనట్టు: చీమిడి లోపలికి పోతుంది. పైగా బంతి లోపలి మురికి కనపడదు, బూజు పట్టినా తెలియదు. కొనేటప్పుడు విప్పి కడిగి ఆరబెట్టే వీలుందో లేదో చూడాలి. తల్లి నోటితో పీల్చే గొట్టం పాత పద్ధతికే దగ్గర, కాకపోతే మధ్యలో వడపోత ఉంటుంది కాబట్టి చీమిడి ఆమె నోట్లోకి రాదు. ఏదైనా సరే, రోజూ స్నానంలో చేసే తంతు కాకూడదు. మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలతోనే చాలాసార్లు పని జరిగిపోతుంది. అప్పటికీ దిబ్బడ వీడకపోతేనే, పాలివ్వబోయే ముందు, గొట్టం.