దుడుకు గ్రంథి పుట్టుపూర్వోత్తరములు

కంఠమణికి దిగువను, శ్వాసనాళమునకు ఇరుప్రక్కల రెండు తమ్మెలుగా ఒదిగి, పట్టుమని 20 గ్రాములు తూగని థైరాయిడు గ్రంథి హద్దు మీరి తన హార్మోనును అవసరమునకు మించి రక్తమున కలుపుచున్నప్పుడు రోగికి బాధ గొంతున తోచదు. గుండె దడదడలాడును, చాచిన చేతివ్రేళ్లు వణకును, మాఘమాసపు చలిలో సైతము మేన చెమట పోయును, ఆకలి హెచ్చి ఎంత తిన్నను ఒంటికి పట్టదు, రాత్రి కంటికి కునుకు రాదు, నిష్కారణముగా కోపమో కన్నీరో పొంగివచ్చును. మూలము ఒకచోటను చిహ్నములు పదిచోట్లను ఉండుటచేత వైద్యులు దీనిని చాలకాలము గుండెజబ్బనియు, నరముల జబ్బనియు పలువిధముల తలపోసిరి. ఈ కథలో అడుగడుగునను ఎదురగు పదార్థము అయోడిను. ఈ వ్యాధిని రేపినదియు, తాత్కాలికముగా అణచినదియు, దాని జాడ పట్టి ఇచ్చినదియు, తుదకు గ్రంథిని లోపలినుండియే దహించి దారికి తెచ్చినదియు అదియే.

గొంతువాపు మనవారికి క్రొత్త కాదు. సుశ్రుతసంహితలో గలగండము వర్ణితమై యున్నది. అయితే వాపు వేరు, దుడుకు వేరు. హిమాలయ సానువులయందలి గలగండము అయోడిను చాలమివలన పుట్టినది. శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణములోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి సహచరులతో కూడి 1956 మొదలుకొని కాంగ్రా లోయలో సాగించిన పరిశోధనమువలన, ఉప్పులో స్వల్పముగా అయోడిను కలిపినంతనే ఆ వాపు తగ్గుముఖము పట్టునని రుజువైనది. నేడు మన వంటింటి ఉప్పుపొట్లముపై అచ్చయి యుండు అయోడిను మాట వెనుక ఆ శ్రమ యున్నది. ఇక్కడ చెప్పబోవునది దానికి విపరీతమైన వ్యాధి.

ఇంగ్లండున బాత్ నగర వైద్యుడు కాలెబ్ హిల్లియర్ ప్యారీ ఇట్టి రోగిని మొదట 1786లో చూచెను. ఆయన వ్రాసి ఉంచిన వృత్తాంతములలో ఒక యువతి కథ గలదు. ఆమె చక్రాల కుర్చీలో పల్లమునకు వేగముగా దిగుచు తూలిపడి, పెద్ద దెబ్బ తగులకున్నను మిక్కిలి బెదరి, నాటినుండి గుండెదడకు లోనై, తరువాత కొన్నాళ్లకు తన గొంతున వాపు కనుగొన్నది. భయమును మనోవ్యథయు ఈ వ్యాధికి నిమిత్తములగునా యను చర్చ నేటికిని తెగలేదు. ప్యారీ ఆ పరిశీలనములను ప్రకటింపకయే 1822లో కాలము చేయగా, అవి 1825లో వెలుగు చూచినవి. కాని పేరు ఆయనకు దక్కలేదు. డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లో ఇట్టి స్త్రీలను గూర్చి ప్రకటించుచు, ఒకామె గుండె చప్పుడు నాలుగడుగుల దూరమునుండియు తన చెవికి స్పష్టముగా వినబడెనని వ్రాసెను. 1840లో జర్మనీయందలి మెర్సెబర్గున కార్ల్ ఫాన్ బాసెడో గొంతువాపు, ఉబికిన కనుగ్రుడ్లు, గుండెదడ అను మూటిని ఒక్క త్రాట గ్రుచ్చెను. ఆంగ్లేయులకు అది గ్రేవ్స్ వ్యాధి, జర్మనులకు బాసెడో వ్యాధి. న్యాయము విచారించినచో అది ప్యారీ వ్యాధియే కావలసినది.

అయోడిను పుట్టుక యుద్ధమునకు సంబంధించినది. నెపోలియను కాలమున తుపాకిమందుకు వలయు సురేకారము తయారు చేయుచుండిన బెర్నార్ కూర్త్వా, 1811లో సముద్రపు నాచు కాల్చిన బూడిదసారముపై గంధకామ్లమును మోతాదు మించి పోయగా, ఊదారంగు ఆవిరి గుప్పున లేచి, చల్లని తావుల నల్లని స్ఫటికములై పేరుకొనెను. 1820లో జెనీవా వైద్యుడు కొయందె దానిని గలగండమునకు మందుగా ఇచ్చి చూచెను. పలువురకు వాపు కరిగినది. కొందరు మాత్రము గుండె దడదడలాడ, చిక్కి శల్యమైరి. అయోడిను లేమికి అలవాటుపడి లోలోపల గడ్డలు కట్టిన గ్రంథికి ఒక్కసారిగా ముడిసరకు దొరకగా, అది అదుపు తప్పి హార్మోనును ఉత్పత్తి చేయసాగెనని మనకు నేడు తెలియును. నాటివారికి తెలిసినదల్లా మందు విషమైనదని మాత్రమే.

ఇట్లు అపఖ్యాతి పాలైన అయోడిను తిరిగి వైద్యుల ఆదరమునకు పాత్రమైన విధము చిత్రమైనది. 1863 అక్టోబరులో పారిస్ నగరపు ప్రసిద్ధ వైద్యుడు ఆర్మాన్ త్రూసోకడకు నిమిషమునకు 140 నుండి 150 పర్యంతము నాడి కొట్టుకొనుచున్న ఒక యువతి వచ్చినది. ఆయన గుండె వేగమును తగ్గించు డిజిటాలిస్ అను మందు వ్రాయదలచెను. కాని మనసున అయోడినును గూర్చిన ఆలోచన మెదలుచుండుటచేత చేయి అయోడిను ద్రావకమని వ్రాసెను. ఆమె దినమునకు 15 నుండి 20 చుక్కలు త్రాగి, రెండు వారములకు తిరిగి వచ్చునప్పటికి నాడి 90కి దిగియున్నది. త్రూసో తన పొరపాటు గ్రహించి వెంటనే దానిని మాన్పించి డిజిటాలిస్ ఇచ్చెను. నాడి మరల 150కి ఎక్కెను. ఆయన తిరిగి అయోడినుకే మరలెను. తన ప్రమాదమును దాచక గ్రంథస్థము చేసిన ఆ వైద్యుని నిజాయితీవలననే ఈ సంగతి మనవరకు వచ్చినది. అయినను అందలి కారణము 1948 వరకు మరుగుననే యుండెను. ఆ యేట వోల్ఫ్, చైకాఫ్ అనువారు అయోడిను రక్తమున మిక్కుటమైనప్పుడు గ్రంథి కొన్నాళ్లు పని మానివేసి, పిమ్మట ఎప్పటివలె అందుకొనునని ఎలుకలయందు చూపిరి. ఆ కొద్దిపాటి విరామమునే అంతకు ముందు 1923లో మేయో క్లినిక్కున హెన్రీ ప్లమ్మర్ చక్కగా వాడుకొని, శస్త్రచికిత్సకు ముందు కొన్ని దినములు అయోడిను త్రాగించి మరణములను తగ్గించెను.

వ్యాధి నెలవు గొంతుననే యున్నదని తేలుట కూడ కత్తిమూలముననే జరిగినది. 1880 దశాబ్దిలో ఫ్రాంక్‌ఫర్టున లూడ్విగ్ రేన్ గ్రంథిభాగమును కోసి తీసిన రోగులు కుదుటపడగా, లీప్జిగ్ నాడీవైద్యుడు మ్యోబియస్ 1886లో దోషము నరములది కాదు, గ్రంథి అతిచురుకుదనముదియే యని చెప్పెను. బెర్న్ నగరమున థియొడోర్ కోహర్ ఈ శస్త్రమును నిరపాయకరముగా తీర్చిదిద్ది 1909లో నోబెల్ బహుమతి పొందెను.

అయోడిను చరిత్రమున అన్నిటికంటె ఘనమైన ఘట్టము ఒక భోజన సమావేశమున ఆరంభమైనది. 1936 నవంబరు 12వ తేదీని హార్వర్డు వైద్యకళాశాలలో భౌతికశాస్త్రజ్ఞుడు కార్ల్ కాంప్టన్, జీవవైద్యశాస్త్రములకు భౌతికశాస్త్రము చేయగల మేలునుగూర్చి ప్రసంగించెను. బోస్టన్ ఆసుపత్రిలో థైరాయిడు రోగులను చూచుచుండిన సాల్ హెర్ట్జ్ లేచి, అయోడినును కృత్రిమముగా రేడియోధార్మికము చేయ సాధ్యమా యని అడిగెను. ఆ నెల గడచి మరుసటి నెల నడుచుచుండగా సాధ్యమే యని కాంప్టన్ ఉత్తరము వ్రాసెను. మొదట దొరికిన అయోడిను 128 అర్ధాయువు 25 నిమిషములే యగుటచేత, కుందేళ్లపై పరీక్ష యొకటి ముగియునంతలో సరకు సన్నగిల్లుచుండెడిది. 1938లో కనుగొనబడిన అయోడిను 131 అర్ధాయువు 8 దినములు. 1941 మార్చి 31వ తేదీని హెర్ట్జ్ రేడియో అయోడినును మొట్టమొదటి రోగికి త్రాగించెను. ఏ గ్రంథి అయోడినుకై దప్పిగొని యుండునో ఆ గ్రంథియే దానిని పీల్చుకొని తన కిరణములచే తానే క్షీణించును; తక్కిన అవయవములు చాలవరకు తప్పించుకొనును. కత్తి లేదు, కుట్టు లేదు. గర్భిణులకును పాలిచ్చు తల్లులకును మాత్రము ఇది నిషిద్ధము. కనుగ్రుడ్లు ఉబికినవారియందు ఆ బాధను పెంచవచ్చును గనుక అచ్చట వైద్యులు ఆచితూచి నడతురు.

అదే కాలమున మాత్రలును పుట్టినవి. బాల్టిమోరున ఎలుకల ప్రేగులలోని సూక్ష్మజీవులను అణచుటకై సల్ఫాగ్వానిడిన్ పెట్టగా వాని థైరాయిడు ఉబ్బినది. దాని అంతరార్థమును గ్రహించిన ఎడ్విన్ ఆస్ట్‌వుడ్ 1943లో థయోయూరాసిల్‌తో రోగులకు చికిత్స చేసెను. నేడు మన మందుల దుకాణములలో దొరకు కార్బిమజోల్ ఆ వంశములోనిదే. దీనిని మ్రింగువారికి జ్వరముతో గొంతునొప్పి వచ్చినచో మాత్ర ఆపి, నాడే రక్తకణములు లెక్కింపించుకొనవలెను. అరుదుగానైనను తెల్లకణములు ప్రమాదకరముగా పడిపోవుట కలదు.

రోగనిర్ణయమున నేటి మొదటి మెట్టు టి.ఎస్.హెచ్. పరీక్ష. కుండ పొంగుచున్నప్పుడు మంట తగ్గించు ఇల్లాలివలె, రక్తమున థైరాయిడు హార్మోను పెచ్చు పెరుగగానే మెదడు క్రింది పిట్యూటరీ గ్రంథి తన ప్రేరకమగు టి.ఎస్.హెచ్.ను తగ్గించివేయును, కావున ఆ అంకె అడుగంటుటయే దుడుకునకు గుర్తు. జుట్టు పెరుగుటకై బయోటిన్ మాత్రలు మ్రింగువారికి కొన్ని యంత్రములలో ఈ అంకె తప్పుగా వచ్చును గనుక ఆ సంగతి ముందే చెప్పుట మేలు. గ్రేవ్స్ వ్యాధిలో పిట్యూటరీ ఆజ్ఞ లేకున్నను గ్రంథి యేల పరుగిడునో 1956లో న్యూజిలాండున ఆడమ్స్, పర్వెస్ అనువారు కనుగొన్న జాడవలన తెలిసినది: శరీరమే పుట్టించిన ప్రతిరక్షకములు టి.ఎస్.హెచ్. వేషము ధరించి గ్రంథిని తోలుచుండును. గ్రంథి మంటవలన నిలువ హార్మోను కారిపోవు వేరొక స్థితి గలదు. అచ్చట గ్రంథి అయోడినును పీల్చదు, కార్బిమజోల్ వంటి మాత్రలు పనికిరావు.

పెంపుడు జంతువుల సంగతికి వచ్చుచు ఒక ముచ్చట. అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ భార్యకు 1989లోను, ఆయనకు 1991లోను గ్రేవ్స్ వ్యాధియే వచ్చుటయు, వారి కుక్క మిల్లీకి లూపస్ అను మరియొక స్వయంప్రతిరక్షక రోగము కలుగుటయు చూచి, శ్వేతసౌధపు నీటిని సైతము పరీక్షించిరి. ఏమియు తేలలేదు.

కుక్కలకు సాధారణముగా థైరాయిడు మందగించును; దుడుకు కనబడినచో పశువైద్యుడు ముందు క్యాన్సరును శంకించును. పిల్లుల తీరు వేరు. 1979, 1980 సంవత్సరములలో న్యూయార్కు, బోస్టన్ నగరముల పశువైద్యులు వర్ణించువరకు ఈ వ్యాధి పిల్లులకు గలదని ఎవరును వ్రాయలేదు. నేడు ముసలి పిల్లులకు వచ్చు హార్మోను రోగములలో ఇదియే అగ్రగణ్యము. డబ్బా ఆహారమనియు, మెత్తని కుర్చీలనుండి రాలి ధూళిలో కలియు అగ్నినిరోధక రసాయనములనియు అనుమానములు పెక్కు గలవు. ఏదియు నిర్ధారణ కాలేదు. పళ్లెము నాకివేసియు నానాటికి చిక్కుచు, నడిరేయి ఇల్లంతయు తిరిగి అరచు పదేండ్లు దాటిన పిల్లిని తెచ్చినప్పుడు, వైద్యుడు దాని గడ్డము పైకెత్తి, బొటనవ్రేలిని చూపుడువ్రేలిని శ్వాసనాళమున కిరువైపుల ఆనించి, మెడ మొదలినుండి రొమ్ముదాక మెల్లగా జార్చును. గ్రంథి పెరిగియున్నచో చిన్న గింజవంటిది వ్రేలిక్రింద చటుక్కున జారును. అటుపిమ్మట రక్తమున థైరాయిడు హార్మోనగు థైరాక్సిన్ కొలుచును. పిల్లికి కనుగ్రుడ్లు ఉబుకవు, ఏలయన దానిది ప్రతిరక్షకముల వ్యాధి కాదు, ప్రాయికముగా నిరపాయమగు గడ్డల వ్యాధి.

చికిత్సలు మాత్రము మనుష్యులవే. మాత్ర మ్రింగని పిల్లికి కార్బిమజోల్ వంశపుదే యగు మెథిమజోల్ లేపనమును చెవి లోపలివైపున రుద్దుదురు. రుద్దువారు చేతి తొడుగులు ధరింపవలెను. అయోడినును మిక్కిలి తగ్గించిన ప్రత్యేకాహారమును గలదు, గాని గోడమీది బల్లిని పట్టి తిను పిల్లికి పథ్యము చెప్పువా రెవ్వరు? రేడియో అయోడిను ఒక్క సూదితో మందు వేసిన పిల్లులలో నూటికి 95 వంతులు స్వస్థమగును. కిరణములు తగ్గువరకు పిల్లిని వేరుగా నుంచి, దాని మలమూత్రములు పడిన ఇసుకను జాగ్రత్తపరతురు. అయితే హార్మోను ఉరవడిలో మూత్రపిండములకు రక్తము అధికముగా పారి, వానిలోని లోపము మరుగుపడి యుండును. గ్రంథి నెమ్మదింపగానే అది బయటపడును. అందుచేత అనుభవజ్ఞులు మొదట కొన్ని వారములు మాత్రలే ఇచ్చి, మూత్రపిండముల పనిని తెలుపు క్రియాటినిన్ మరల కొలిచి, పిమ్మట గాని సూదిమాట తలపెట్టరు. మాత్రను ఆపవచ్చును, గ్రంథి త్రాగిన రేడియో అయోడినును వెనుకకు తీయలేము.